మూత పడని రాత్రి

ఆటోనగర్ నాలుగో రోడ్డులో
షట్టరు సగం దించి లెక్క చూసుకుంటుంటే
ఫోను. ప్రసూన గారు.
"ఖాజావలీ, మనం చేసిన మూత పడలేదు."

మనం అన్నారు. అది గుర్తుంది నాకు.

ఆరేళ్ళ కిందట
పల్చటి స్టీలు రెక్కలు పన్నెండు, చుట్టూ ఒక రింగు.
పది మైక్రాన్ల తేడాకి రెండుసార్లు వెనక్కి పంపిన మనిషి.
ఇప్పుడు వాటిల్లో ఒక రెక్క కింద
రాయి ఇరుక్కుందట,
శెనగ గింజంత.
రాయి కోసమే వెళ్ళింది కదమ్మా, అన్నాను.
నవ్వలేదావిడ.

ఆ గ్రహశకలం మీద బరువన్నదే లేదట.
సందులోంచి జారిన ధూళి కింద పడదు,
అట్లా తేలుతూ పోతుంది.
లేతు కింద ఇనప రజను ఊడ్చే బాజీకి
ఎంత చెప్పినా ఎక్కలేదు:
"కింద కాకపోతే ఎక్కడ పడుద్దన్నా?"

ఇక్కణ్ణించి మాట వెళ్ళడానికి పద్దెనిమిది నిమిషాలు,
జవాబుకి మళ్ళీ పద్దెనిమిది.
ఈలోపు బెంజిసర్కిల్ దాకా వెళ్ళి టీ తాగి రావచ్చు.
ఈలోపు ఇంకో చారెడు ధూళి పోయుండొచ్చు.

ఆవిడ అడిగింది ఇదీ:
తెల్లారేలోపు అట్లాంటిదే ఇంకో మూత,
సరిగ్గా అంతే వంకరతో, అంతే సందుతో.
ఇరవై రెండేళ్ళుగా మిషను మీద ఉన్నాను
తప్పుగా చెయ్యమని అడిగినవాళ్ళు లేరు.

కష్టం.
చెయ్యి దానంతటదే సరిచేసుకుంటుంది.
మొదటిది నున్నగా మూసుకుంది, పారేశాను.
రెండోదీ అంతే.
మూడోదానికి బాజీ సెల్లు లైటేసుకుని
రోడ్డు పక్క కంకర్లో వెతికి ఒక పలుకు తెచ్చాడు.
రెక్క కింద దూర్చి చూస్తే
గోరంత చీకటి.

నాలుగింటికి కారొచ్చి పట్టుకుపోయింది.

మధ్యాహ్నం మళ్ళీ ఫోను.
ఎంత దొరికిందో తూచాలంటే ఆ చెయ్యి తిప్పాలి,
తిప్పితే ఉన్నదీ పోతుంది.
తూచకుండానే డబ్బాలో పెట్టి బిగించేశారట.

గుంటూరు మిర్చియార్డులో కాటా దగ్గర చేసే మా బావమరిది
"తూకం వెయ్యకుండా టిక్కీ మూతి కుట్టేశారా!" అని
పడీపడీ నవ్వాడు.
కాసేపాగి,
"మరి పుస్తకంలో ఎంతని రాసుకుంటారు?"

ఏమో.
తిరిగొచ్చేసరికి మూడేళ్ళంట.
ఆ కంకర పలుకు నా గల్లాపెట్టెలోనే ఉంది,
చిల్లర తీసేటప్పుడు వేలికి తగులుతూ.