హాజరు పట్టీ

నెల్లిమర్ల మిల్లు వెనక లైన్లో మాది రేకుల మందిరం.
గంట కూడా అసలు గంట కాదు,
మిల్లు వాళ్లు పారేసిన ఇనప చక్రం.
పద్నాలుగేళ్లుగా లెక్క నాదే:
తేదీ, మగవారు, ఆడవారు, పిల్లలు, కానుక.
తుపానొచ్చినా, మిల్లు లాకౌటైనా
గడి ఖాళీగా వదిలింది లేదు.

మార్చి ఇరవై రెండు.
తేదీ వేసి కూర్చున్నాను.
సున్నా వెయ్యడానికి చెయ్యి రాలేదు,
గీత పెట్టాను.
అలా పన్నెండు గీతలు.
ఈస్టరు కూడా అందులో ఒక గీతే.
ఏటా తెల్లారగట్ట చంపావతి ఒడ్డున
సమాధుల దగ్గర కొవ్వొత్తులతో పాడేవాళ్లం.
ఆ ఏడు నాలుగింటికే లేచి
ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడ్డాం,
నిద్ర చాలని కాపలాదార్లలా.

మిల్లు కూత లేదు, గంట లేదు.
లైన్లో కుక్కలకి కూడా ఆదివారం తెలీలేదు.

ఫిలేమోను అయ్యగారు ఫోన్లో ప్రార్థన పెట్టారు,
ఐదుగురేసి చొప్పున.
ముందు దగ్గు వినబడేది, సర్కారు వారి కరోనా దగ్గు.
ఆ తర్వాతే కీర్తన.
తవిటమ్మప్పది మీటల ఫోను.
మోగగానే ఎత్తదు.
చాప వేసుకుని, కొంగు నెత్తి మీదికి లాక్కుని
అప్పుడెత్తుతుంది. ఈలోగా కట్టయిపోయేది.
"ఏటి బాబూ, దేవుడికి అంత తొందరేటి?" అనీది.

గుప్పెడు బియ్యం సంగతి చెప్పాలి.
మా ఆడవాళ్లు ఎసట్లో పోసే ముందు
ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేస్తారు,
ఆదివారం తెచ్చి కుమ్మరిస్తారు.
ఆదివారాలు ఆగాయి గాని గుప్పెళ్లు ఆగలేదు.
డబ్బాలు నిండి మూతలు పట్టలేదు.
మిల్లు మూసిన ఆరో వారం
లైన్లో పొయ్యిలు ఒక్కొక్కటే చల్లారుతుంటే
ఎస్తేరమ్మ మొదట తన డబ్బా తీసుకెళ్లి
పైడిరాజు ఇంట్లో, పైడితల్లమ్మ పటం కింద, బోర్లించింది.
కానుక గడిలో ఎలా రాయాలో తెలీక
పుస్తకం వెనక అట్ట లోపల రాశాను:
పైడిరాజు, తవ్వెడు.
కుట్టుమిషను నూకాలు, అడ్డెడు.
గేటు దగ్గర బీహారీ కుర్రాళ్లు, కుంచం.

జూన్‌లో తలుపులు తీశారు.
పుస్తకంలో వెయ్యలేని సున్నాలు
నేల మీద సున్నంతో వేశాను, ముప్పై.
పాడకూడదని రూలు.
మాస్కుల వెనక అందరూ గొణిగితే
తేనెపట్టులా మోగింది రేకుల గది.
గుంటలు సున్నాల్లో తొక్కుడుబిళ్ల ఆడారు.

మరుసటేడు మే.
డోలక్ బెన్యామీను
జిల్లా ఆసుపత్రి నుంచి సంచీలో వచ్చాడు.
నలుగురమే: పంచాయతీ కుర్రాళ్లిద్దరు, నేను,
ట్రాక్టరు తోలిన పైడిరాజు.
అయ్యగారు ఆక్సిజన్ మీద. ఎస్తేరమ్మ ఇంట్లో, పాజిటివు.
ఆవిడకి ఫోను చేసి గోతి మీద పట్టుకున్నాను.
నేను చదివిన వాక్యాన్ని గాలి తినేసింది.
మట్టి పడ్డ చప్పుడు మాత్రం విన్నానంది.

ఇప్పుడంతా మామూలే అంటారు.
హాజరు మాత్రం వెనక్కి రాలేదు.
కొందరు మంచం మీదే కాఫీ తాగుతూ
ఎక్కడో పెద్ద ఊరి ప్రసంగం కింద ఆమేన్ నొక్కుతారు.
తప్పు పట్టను. నా మోకాళ్లూ అదే అడుగుతున్నాయి.
సున్నాలు అరిగిపోయాయి,
డోలక్ మూల ఒకటి తప్ప.
అక్కడ ఎవరూ తడిగుడ్డ పెట్టరు.

పదిన్నరకి గేటు బయట ట్రాక్టరు ఆగుతుంది.
పైడిరాజు లోపలికి రాడు. రమ్మని నేనూ అనను.
ఇంజను ఆపి, వెలిగించని బీడీ వేళ్ల మధ్య పట్టుకుని
పాట అయ్యేదాకా ఉంటాడు.

నిన్న రాశాను:
మగవారు తొమ్మిది, ఆడవారు ఇరవై మూడు, పిల్లలు ఆరు.
మగవారు పది అని దిద్దాను.
కొట్టేశాను.
మళ్లీ దిద్దాను.