అడుగు మీద బుట్ట

రాయగడ. రాత్రి రెండూ పదిహేడు.
సహకార బ్యాంకు మేడమీద గదిలో
ఏసీ చప్పుడు, నువ్వు, నేను,
గోడకి ఆరు తెరలు.
కింద, పేపరు మిల్లుకి పోయే వెదురు లారీ
గేరు మార్చుకుంటోంది.

గుణుపురం బ్రాంచి ఎర్రబడింది.

నీ చెయ్యి అప్పుడే మౌసు మీదికి పోయింది, త్రినాథ్.
చూసేను.
మొత్తం బ్రాంచిని తెంపెయ్యడానికి ఒక్క నొక్కు చాలు.
పోయిన నెల, నువ్వింకా చేరకముందు,
నేనే నొక్కేను.

తెల్లారితే పింఛను రోజు.
కొండ దిగొచ్చిన సవర ముసలమ్మలు
వేలిముద్ర మిషను ముందు
వేళ్ళు చీరకి తుడుచుకుంటూ, తుడుచుకుంటూ
మధ్యాహ్నం దాకా నిలబడ్డారు.
ఆ రాత్రి దొంగ ఎవడూ రాలేదు.
ప్రింటరొకటి తన పేరు మర్చిపోయి
వీధంతా తలుపులు తట్టింది, అంతే.

అందుకని చెయ్యి తియ్యి.
టీ పోసుకో. చక్కెర ఎక్కువైంది, ఏమనుకోకు.

మా చిన్నమావకి నాగావళి అవతల మొక్కజొన్న చేను.
ఏనుగులు దిగే కాలంలో మంచె మీదే పడక.
ఒక రాత్రి ఆకు కదిలిందని కాగడా విసిరేడు.
ఏనుగు లేదు.
పక్కవాడి దూడ ఉంది, తన గడ్డివామి ఉంది.
వామి తెల్లవార్లూ కాలింది.
ఆ ఏటి నుంచీ చేలో గుర్తు కనబడితే
ముందు దాని మీద బుట్ట బోర్లించేవాడు.
"ఎవులూ తొక్కీకండి" అని అరిచి,
తీరిగ్గా గొంతుక్కూచుని చూసేవాడు.
వస్తున్న అడుగా, పోతున్న అడుగా,
ఒంటిదా, పిల్ల వెంట ఉందా,
నిన్నటి మట్టా, ఇవాళ్టిదా.

మనమూ బుట్ట బోర్లిద్దాం.
లాగులు చెరిగిపోకముందే నకలు తీసిపెట్టు.
మిషన్ని ఆపి మళ్ళీ వెయ్యకు,
దాని నోట్లో మాట ఇంకా ఉంది.

ఇప్పుడు అడుగు.
ఎవరు? మేనేజరు గదిలో నాలుగో కంప్యూటరు.
ఎప్పట్నుంచి? పన్నెండు నలభై.
ఎక్కడికి? మనం ఎరగని చిరునామాకి,
ఎనభై సెకన్లకోసారి,
నిద్రపట్టనివాడు గడియారం చూసుకున్నట్టు.
నిన్న ఈ వేళకి ఏం చేస్తోంది? పోయిన మంగళవారం?
దొంగని వెతికే ముందు
ఆ యంత్రం మామూలు రోజున
ఎలా బతుకుతుందో చూడు.
మామూలు రోజున అది ఆరింటికే పడుకుంటుంది.

వాచ్‌మన్ బుడ్డు సబరోకి నేనే ఫోన్ చేసేను,
సగం ఒడియా, సగం తెలుగు.
టార్చి పట్టుకుని వెళ్ళేడు.
గదికి తాళం. లోపల లైటు లేదు.
మేనేజరు మేనకోడలి పెళ్ళికి బరంపురంలో ఉన్నాడు.
ఆయన్నీ లేపేను.
వెనక బాజాలు, ఆయన గొంతులో నిద్ర.
"నేనా? కంప్యూటరు ముట్టుకుని మూడ్రోజులైంది."
తెర మీద మాత్రం ఆయన పేరే లోపల తిరుగుతోంది.

ఇప్పుడు నొక్కు.
బ్రాంచిని కాదు. నాలుగో కంప్యూటరు ఒక్కదాన్నే.
ఆ పేరుకి తాళం మార్చు.
పింఛను మిషను వేరే తీగ మీద ఉంది,
దాన్ని కదపకు.

నువ్వు గ్లాసు కింద పెట్టి అడిగేవు:
"మేడం, ఈ నలభై ఎనిమిది నిమిషాల్లో
వాడు పట్టుకుపోయి ఉంటే?"

మంచి ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.
చిన్నమావ దగ్గరా లేదు.
ఒక ఏడు ఆయన అడుగు చూస్తూ కూచున్నప్పుడే
వెనకవైపు అరెకరం పోయింది.
ఆ సంగతి ఇందాక కథలో చెప్పలేదు, చెప్పాల్సింది.

బయట ఇంకో వెదురు లారీ.
రిజిస్టరు తియ్యి, రాయి.
మూడూ అయిదు. వేరు చేసినవి: ఒకటి.
తెలిసినవి ఈ పక్కన.
ఎలా వచ్చేడు, ఏం చూసేడు, ఇంకెక్కడున్నాడు,
ఆ తెలీనివాటి గడి
కాస్త వెడల్పుగా గియ్యి.