ముప్పై రెండుంబావు

టేపు అబద్ధమాడదంటాడు లోవెల్ ప్రూయిట్,
అంటూనే ఇంకోసారి కొలుస్తాడు.
వాండర్‌హూఫ్ చెయ్యి ముప్పై అయిదు అంగుళాలు.
సియోసి మాహేది ముప్పై రెండుంబావు.
గదిలో ఎవరో నాలుక చప్పరించారు.

సంతలో కోడె పళ్లు చూసినట్టు
భుజాలూ పిక్కలూ చీలమండలూ చూస్తారు.
మూడు వందల పది పౌన్ల పిల్లవాడు
నిక్కరుతో నిలబడి
గోడ గడియారం చూస్తుంటాడు.

కిటికీ బయట ఒహాయో మంచు. కాఫీ చల్లారింది.
లోవెల్ చీకట్లో అదే ఆటను
ముందుకీ వెనక్కీ తిప్పుతాడు.
మాహే మొదటి అడుగు పెనం మీద నీటిబొట్టు;
రెండోది పడేసరికి
ఎదురొచ్చినవాడికి దారి లేదు.
వాండర్‌హూఫ్‌కి పొడవుంది, ఓపిక లేదు.
చెయ్యి ఆనకముందే తల వంచేస్తాడు.

వీళ్లు బంతి ముట్టరు.
విసిరేవాడు చూడని వైపు కాపు కాస్తారు.
మైకులో పేరు వినబడిందా, తప్పు చేసినట్టే.
ఏడాదంతా ఎవరూ తలుచుకోకపోతే
అదే మెప్పు.

నలభై ఏళ్ల కిందట
ఇలాంటి గదిలోనే లోవెల్ చేతులు చాపాడు.
ఎంత వచ్చిందో ఇప్పటికీ చెప్పడు.
ఎండాకాలంలో కూడా
పొట్టిచేతుల చొక్కా తొడుక్కోడు.

కాగితం మీద వాండర్‌హూఫ్ పైన, మాహే కింద.
పెన్సిల్‌తో కిందనుంచి పైకి బాణం గీస్తాడు,
చెరిపేస్తాడు,
చెరిపిన మరకను చూస్తూ కూర్చుంటాడు.

గురువారం రాత్రి
ఒక్కసారి పేర్లు గట్టిగా చదువుతారు.
ఎన్నో నంబరని యూటాలో మాహే తల్లి అడగడం లేదు.
సరిగ్గా పలుకుతారా, అంటోంది.