ఇంకేంత సేపు

"మీ వేగంలో మీరు నేర్చుకోండి" అంది
తెర మీది మొదటి వాక్యం.
ఇరవై ఏడేళ్ళుగా నేల గురించి పాఠం చెబుతున్నాను,
నాకంటూ ఒక వేగం ఉందని
ఇంతవరకు ఎవరూ అనలేదు.

లెసోతో కొండల్లో జూన్ అంటే నడి చలికాలం.
ఇంట్లో అందరూ పడుకున్నాక
వంటింటి బల్ల దగ్గర, పారఫిన్ స్టవ్ పక్కన,
కంబళి భుజాన పిన్నుతో బిగించుకుని
ల్యాప్‌టాప్ తెరుస్తాను.
డీన్ రమొకోయెనా గారి ఉత్తరంలో నసుగుడేం లేదు:
సెప్టెంబరులోగా పన్నెండు మాడ్యూళ్ళు,
పదోన్నతి ఫైలుకి ఒక సర్టిఫికెట్.

మొదటి మూడూ పరుగెత్తించాను, దాచడమెందుకు.
వీడియోని రెండింతల వేగంలో పెట్టి
మొరోహో ఆకు తరుక్కున్నాను.
ఎవరో ఆవిడ పిచ్చుకలా కిచకిచలాడుతూ
నిదానంగా బోధించడం ఎలాగో చెప్పింది.
క్విజ్‌లో పదికి తొమ్మిది.
పచ్చ టిక్కు. పచ్చ టిక్కు. పచ్చ టిక్కు.

నాలుగోది కాలు పట్టుకుంది.
"మీ క్లాసుని మీరే రికార్డు చేయండి.
ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నారో
లెక్కపెట్టండి."

చూశాను.
ఎక్కువగా నా వీపే కనిపించింది.
"ఎందుకంటారు?" అని అడుగుతాను,
"ఎందుకంటే" అని నేనే అందుకుంటాను.
మధ్యలో ముప్పాతిక సెకను.
ముప్ఫై ఒక్క ప్రశ్నలు,
ముప్ఫై ఒక్క జవాబులూ నావే.
మూడో వరుసలో మాలిఖాంగ్
చెయ్యి సగం లేపి
అందుకే లేపినట్టు జడ గోక్కుంది.

వీడియో ఆపి ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను.
ఆపకుండా ఎన్ని చేతుల్ని దాటుకొచ్చానో.

రెండో ఏడాది వాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠం ఇదే:
ఉరికే వాన నేలకి దక్కదు.
మెత్తటి చోటల్లా కోసుకుంటూ
డోంగాలు తవ్వి,
ఎర్రగా, మన పొలాన్నే మోసుకుని
పక్క దేశం నదిలోకి పోతుంది.
నేలకి దక్కేది ఇంకిందే.
ఇంతా చెప్పి,
బోర్డు మీద ఇంకు ఆరేలోపే తుడిచేసి,
"అర్థమైందిగా" అనేసి,
తర్వాతి పేజీ.

అప్పుడే కరెంటు పోయింది.
బ్యాటరీ తొమ్మిది శాతం.
బయట మంచు పడుతున్నట్టుంది,
చప్పుడు లేకపోవడాన్ని బట్టి.

మంగళవారం క్లాసులో అడిగాను:
"వాగు ఇవతలి గట్టు మీదే గడ్డి ఎందుకు బతికింది?"
ఆగాను.
ఒకటి. కుర్చీ కిర్రుమంది.
రెండు.
మూడు. జవాబు నా పళ్ళ దాకా వచ్చింది, మింగాను.
నాలుగు. నా చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
అయిదు.
ఆరు. కిటికీ పక్క త్సెపాంగ్
"మేడమ్, ఒంట్లో బాలేదా?" అన్నాడు.
గది గదంతా నవ్వింది, నేనూ నవ్వాను.
ఆ నవ్వు చాటున, చాప కింద నీరులా,
మాలిఖాంగ్ గొంతు:
"అక్కడ మా అమ్మమ్మ మేకల్ని కట్టనిచ్చేది కాదు."

పుస్తకంలో లేని జవాబు.
సరైందో కాదో ఇప్పటికీ నాకు తెలీదు.
బోర్డు మీద రాశాను. తుడవలేదు.
ఆ తర్వాత గంటకొచ్చిన లెక్కల మాస్టారు
తుడిచాడనుకోండి.

మూడు వారాలైంది. నాలుగు దగ్గరే ఉన్నాను.
గీత ఇరవై ఆరు శాతం మీద మొరాయించింది.
"లినియో, మీరు వెనకబడుతున్నారు" అని
రోజుకొక మెయిలు.
ఎవరి వేగం కంటే, అని అడగడానికి
అటువైపు మనిషెవరూ లేరు.

"మీరు గమనించింది రెండు వందల పదాలకు తగ్గకుండా రాయండి."
ఏడు రాశాను.
కర్సర్ రెప్పలార్పుతోంది.
కాసేపటికి తెర మసకబారి అడిగింది:
"చాలాసేపుగా కదలిక లేదు. మీరింకా ఇక్కడే ఉన్నారా?"

కంబళి పైకి లాక్కుని
ఒకటి, రెండు, మూడు...

అదీ నేర్చుకోవద్దూ, ఆగడం.