ఒంటికొమ్ము గుడి

పునాది లోతెంతని అడుగుతున్నారు కొత్త ఫాదరు గారు.
నాకేటి తెలుసు బాబూ.
తవ్వినవాడు మా తాతకి తాత, గవరయ్య.
ఆయన్నీ ఇక్కడే, వాయవ్య మూలన,
మట్టిలో కలిపేసారు.

టేపు పట్టుకుని చుట్టూ తిరిగాను.
గోడ మందం రెండు మూరల మీద జానెడు.
రోహిణి కార్తెలో గెడ్డవలస రోడ్డు తారు కరుగుతున్నా
లోపల అడుగుపెడితే
కడవలో చెయ్యి పెట్టినట్టుంటాది.

కప్పు వాలు మాత్రం మన దేశానిది కాదు.
లోయీ సాములోరి ఊళ్ళో మంచు పడతాదంట,
పడిన మంచు జారిపోవాలని అంత ఏటవాలు.
ఇన్నేళ్ళూ దాని మీంచి జారింది
వంశధార మీద లేచిన తుఫాను వానే,
అప్పుడప్పుడు పక్కూరి కోతులూ.

సాములోరికి తెలుగు రాదు.
గవరయ్యకి తెలుగు తప్ప ఏదీ రాదు.
ఇసక మీద కర్రతో ద్వారం గీసాడంట ఆయన,
పైన గుండ్రం కాదు, చదునూ కాదు,
కొస తేలిన వంపు.
గవరయ్య చాలాసేపు చూసి
మొలలోంచి తమలపాకు తీసి
గీత మీద పెట్టి
"ఇదేనా?" అన్నాడంట.

అదే.
పన్నెండు కిటికీలూ తమలపాకులే.
ఈనెల చోట ఇనప కమ్మీలు.

అది కరువు సంవత్సరం.
కూలి డబ్బు కాదు, తవ్వెడు చోళ్ళు.
మోసిన రాయికి ఒక గరిటెడు అంబలి.
దేవుడి కోసం కట్టారా, గింజల కోసం కట్టారా అంటే
మా ఇంట్లో ఎవరూ సమాధానం చెప్పలేదు,
అడిగినవాడి కంచంలో ఇంకాస్త వడ్డించేవారు.

దూలాలు రంగం టేకు.
కళింగపట్నం రేవులో దించి
ఏటికి ఎదురు లాక్కొచ్చారు.
గంట బుడితిలో పోసారు.
ఇంటికో చెంబు, బిందె, విరిగిన గరిట ఇచ్చారు ఆడోళ్ళు,
అందుకే అది మోగితే
గుడి గంటలా ఉండదు,
ఎవరో అన్నానికి పిలుస్తున్నట్టుంటాది.

ఇక సున్నం.
గానుగాడిన సున్నంలో కరక్కాయ నీళ్ళు,
నానేసిన బెల్లం.
ఆకలి ఊరికి బెల్లం వాసన తగిలితే ఏటవుతాది బాబూ?
గవరయ్య కూతురు దాలమ్మ, ఎనిమిదేళ్ళ గుంట,
ఎవరూ చూడకుండా తొట్టిలో వేలు ముంచి
నాకీసింది.

నాలుక కాలిపోయింది.
ఆవిడే మా తాతని కన్న తల్లి.
చిన్నప్పుడు నేను విన్నాను ఆ గొంతు,
"మరియమ్మ" అనబోతే "మయియమ్మ" అనేది,
డెబ్బై ఏళ్ళు అలాగే జపమాల తిప్పింది.

ఆ సాయంత్రం సాములోరు బెల్లం బుట్టలన్నీ
గుడి మెట్ల మీద పెట్టించి
పిల్లల్ని వరసలో నిలబెట్టాడు.
అప్పటికి మూడు గోడలు లేచాయి.
ఉత్తరం గోడ మాత్రం
వట్టి సున్నంతో లేచింది.

రెండో గోపురం లేవనే లేదు.
మన్నెం జ్వరంతో సాములోరు పోయాడు.
గడప లోపల ఆయన రాయి,
పేరులో రెండక్షరాలు తప్పు.
చెక్కినవాడికి చదువు లేదు, గవరయ్యే.
అప్పట్నుంచీ చుట్టుపక్కల
ఒంటికొమ్ము గుడి అనే అంటారు.

మొన్న వచ్చిన ఇంజినీరు
ఉత్తరం గోడ వేలితో గీరితే పొడి రాలింది.
"నాసిరకం పని" అని రాసుకున్నాడు.
కూల్చేసి సిమెంటు పిల్లర్లు వెయ్యమన్నాడు.
నాను ఏమీ అనలేదు.
చెవి ఆనించి తాపీ పిడితో కొట్టి చూసాను,
పై పూత బోలు,
లోపల ఇటిక గట్టిగానే పలికింది.

రాత్రి లాంతరు పెట్టుకుని నా అంచనా రాసాను.
సున్నం నలభై బస్తాలు.
ఏటి ఇసక, జల్లించినది.
కరక్కాయలు ఒక గోనె.
బెల్లం రెండు మణుగులు.

పొద్దున్న ఫాదరు గారు కళ్ళజోడు సర్దుకుని
"ఒక్క గోడకి ఇంత బెల్లం ఎందుకు ఇన్నాసీ?" అన్నారు.

బడి ఇక్కడే కదా బాబూ,
కొంత పోతాది.