ఒకే కప్పు కింద

ఇసాఫ్యోర్దుర్ చేపల షెడ్డు, తెల్లారి నాలుగు.
కాడ్ పెట్టెను తూచిన కాటా
అందరినీ కలిపి అడిగింది:
"ఇక్కడ ప్రింటరెవరు?"

ప్రింటరు పన్నెండడుగుల దూరంలోనే ఉంది.
నిన్నటిదాకా పలికింది కూడా.
మధ్యలో కొత్త స్విచ్చు,
హాజరు పిలిచేవాళ్లు లేక
ఎవరు వింటున్నారో మరిచిపోయి
కేకను గుటుక్కున మింగేసింది.

ఒకే చోట ఉన్నాక మల్టీకాస్ట్ చేరకేం,
అన్నారు డబ్బా అమ్మినవాళ్లు.
లేబుల్ లేని పెట్టెలు
స్టెయినున్ మోకాళ్లదాకా. ఐసు కారుతోంది.

కత్తుల బల్ల దగ్గర అందరి చెవులకూ మఫ్‌లు.
ముసలి హౌవర్దుర్ అరవడు,
నడిచెళ్లి భుజం తడతాడు.

చూసింది.
ప్రింటరు అడ్రసు
కాటాలోకి వేలితో ఎక్కించింది.

కేకను మాత్రం తీసెయ్యలేదు.
సోమవారం ఇంకో ప్రింటరొస్తుంది,
దాని పేరు ఈ కాటాకేం తెలుసు?