కొర్రల చప్పుడు

మాది రాయచోటి.
సముద్రాన్ని నేను మొదటిసారి విన్నది
ఒక గుర్రం కడుపులో.

మద్రాసుకొచ్చి పదకొండో రాత్రి.
వేపేరి, గుర్రాల వార్డు, మూడో కొట్టం,
ట్యూబులైటు చుట్టూ ఉసుళ్ళు.
మెరీనా నుంచి టెంపోలో తెచ్చి దింపారు మల్లిగని.
తెల్ల గుర్రం, జూలుకి గోరింటాకు,
నుదుటి మీద అద్దాల పట్టీ విప్పడం కూడా మరిచారు.
ముందుకాలితో నేల గీరుతోంది,
ఉండుండి తల తిప్పి తన డొక్కకేసి చూసుకుంటోంది
అక్కడ్నించి ఎవరో పిలిచినట్టు.

"గుర్రం కక్కుకోలేదు, తెలుసుగా,"
అన్నారు తిలకవతి మేడం, భుజందాకా గ్లవ్ లాక్కుంటూ.
"మింగిందేదైనా ముందుకే పోవాలి."
ఇరవై చిల్లర మీటర్ల పేగు.
రంగు పెన్సిళ్ళతో గీసి నేను మార్కులు తెచ్చుకున్న దారి
నా ముందు నిలబడి చెమట కారుస్తోంది.

స్టెతస్కోపు పెట్టాను.
కుడి డొక్క పైన ఏమీ లేదు.
ఎడమన, ఎప్పటికో ఒక్క గుటక,
ఖాళీ కుండలో చుక్క పడ్డట్టు.
"కింద పెట్టు. ఇంకా కింద. రొమ్ము ఎముక దాటాక."
మోకాళ్ళ మీద కూర్చుని, గిట్టల మీద ఒక కన్నేసి,
చెయ్యి చాచాను.

సర్‌ర్‌ర్.
ఆగింది.
మళ్ళీ సర్‌ర్‌ర్.

"ఏం వినిపిస్తోంది?"
చేటలో కొర్రలు చెరుగుతున్నట్టుంది మేడం.
ఆవిడ చెయ్యి ఆపి నాకేసి చూశారు.
"ఇన్నేళ్ళుగా అందరూ సముద్రమనే చెప్పారు నాకు.
రాసుకో. కొర్రలని కూడా రాసుకో."

పిడికెడు పేడ గ్లవ్‌లో వేసి, నీళ్ళు పోసి, కలిపి
సెలైన్ స్టాండుకి తగిలించాం.
పావుగంటలో అయిదు వేళ్ళలోకీ ఇసుక దిగింది.
చిటికెన వేలు కూడా నిండింది.
ఆ చెయ్యి అలా వేలాడుతూ ఉంది
తీసుకున్నది తిరిగిచ్చేస్తున్నట్టు.

దావూద్ తాత ఆ చేతినే చూశాడు, మమ్మల్ని చూడలేదు.
నెల్లూరు నుంచి బస్సుల్లో దిగే జనం దగ్గర
రౌండుకి యాభై, రౌండుకి యాభై అంటూ
నేర్చుకున్న తెలుగు ఆయనది.
"తొట్టిని కార్పొరేషన్ లారీ ఎత్తకపోయింది పాపా.
గడ్డి కిందనే ఏస్తి.
గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారే మీరు?"
గుడ్డిది కాదు తాతా, అనబోయి ఊరుకున్నాను.
మల్లిగ కళ్ళు చాలా పెద్దవి.
వాటిలో ట్యూబులైటు రెండుసార్లు వెలుగుతోంది.

ముక్కులోంచి పొట్టదాకా గొట్టం.
బకెట్లో ఇసబ్‌గోల్ కలిపిన క్షణం నుంచీ పరుగే,
ఆలస్యమైతే జావ గడ్డకట్టి గరాటు దిగదు.
పోశాం, నడిపించాం, పోశాం.
పగలు క్లాసులు, రాత్రి నడక.
నాలుగో రోజు తెల్లవారుజామున
అటెండరు ఏకాంబరం పార తీసుకుని లోపలికెళ్ళి
"బరువుందమ్మా!" అని కేక పెట్టాడు
లాటరీ తగిలినవాడిలా.
అందరం పరుగెత్తాం.
పేడ చూసి సంతోషించే ఉద్యోగం నాది,
ఇంటికి ఫోన్ చేసి ఇది చెప్పలేదు.

ఆదివారం నీలం ప్లాస్టిక్ డ్రమ్మును నిలువునా కోయించి,
అంచుకి పాత సైకిలు టైరు చుట్టి,
నేనూ ఏకాంబరం బస్సులో పట్టుకెళ్ళాం.
దానికీ టిక్కెట్టు కొట్టాడు కండక్టరు.

మెరీనా. అదీ, సముద్రం.
ఇంత పెద్దదని ఎవరూ చెప్పలేదని కాదు, చెప్పారు.
అయినా ఆ చప్పుడు చెవిన పడగానే
నా చెయ్యి మెడలో లేని స్టెతస్కోపు కోసం వెళ్ళింది.
నిండా ఇసుక, అన్నాను.
ఏకాంబరం ఒక్కడే నవ్వాడు.

తాత డ్రమ్ములో గడ్డి వేశాడు.
మల్లిగ వాసన చూసింది, మూతితో ఒక్క తోపు తోసింది,
డ్రమ్ము బోర్లా పడింది.
పడిన చోటే, ఇసుక మీద, తల వంచి
నింపాదిగా నమలసాగింది.

తాత నా వంక చూశాడు.
నేను చెప్పులు విప్పి పక్కన పెట్టి
డ్రమ్ము సగందాకా పాతడానికి
గొయ్యి తవ్వడం మొదలుపెట్టాను.